వాణిజ్య ఆవరణకు తారా, కాంక్రీటా, పేవర్ బ్లాకులా? ఎక్కడ ఏది వేయాలి

దుకాణ సముదాయం కావచ్చు, గోదాము కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, బయటి నేల పని మొదలయ్యేసరికి అందరూ అడిగేది ఒకటే: "మొత్తం సీసీ వేసేద్దామా, తారు పోసేద్దామా?" చిక్కంతా ఆవరణ మొత్తానికి ఒకే రకం వేయాలనుకోవడంలోనే ఉంది. ఒకే ప్రహరీ లోపల కారు ఆగే చోటు వేరు, సరుకు లారీ రివర్సు తీసుకునే చోటు వేరు. నేలకు ఈ రెండింటికీ పోలికే లేదు.

రోడ్డు ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ఇరుసు మీద బరువు రెట్టింపైతే పేవ్‌మెంటుకు, అంటే బండ్లు నడిచే నేల పొరలకు, జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుంది. ఆ లెక్కన 10 టన్నుల ఇరుసు ఒక్కసారి వెళ్తే జరిగే అరుగుదల, 1 టన్ను ఇరుసు పది వేలసార్లు వెళ్లినదానితో సమానం. అంటే పార్కింగులో రోజుకు 300 కార్లు తిరుగుతాయా, 500 తిరుగుతాయా అన్నది నేల మందాన్ని దాదాపు మార్చదు. చెత్త బండి, నీళ్ల ట్యాంకరు, జనరేటరుకు డీజిల్ తెచ్చే బండి, సరుకు లారీ ఏ దారిన వచ్చి ఎక్కడ ఆగి ఎక్కడ మలుపు తిరుగుతాయన్నదే మారుస్తుంది. అందుకని సైట్ ప్లాన్ ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో నాలుగు భాగాలు చేయండి: కార్లు మాత్రమే ఆగే చోటు, కార్లతో పాటు అప్పుడప్పుడూ పెద్ద బండి వెళ్లే దారి, బరువు బండ్లు ఆగి తిరిగే చోటు, మనుషులు నడిచే చోటు. అగ్నిమాపక బండి వెళ్లాల్సిన దారిని విడిగా గీయండి. అది ఎప్పుడో ఒకసారే వస్తుంది, కానీ వచ్చిన రోజు నేల కుంగకూడదు.

మట్టి తేలకుండా పైపొర తేలదు

పైన ఏది వేసినా కింద మట్టి బలహీనంగా ఉంటే నిలవదు. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో తీరున చెడిపోతుంది. కింద మట్టి కుంగితే తారు దానితో పాటే వంగి గుంటపడుతుంది. పేవర్ బ్లాకులు అలలు తేలతాయి. కాంక్రీటు పలక కొంతకాలం ఖాళీ మీద వంతెనలా నిలబడి, తర్వాత మూల దగ్గర పగులుతుంది. చిన్న చిన్న కుంగుబాట్లు తప్పవని ముందే తెలిసిన చోట, అంటే కొత్తగా మట్టి పోసి ఎత్తు చేసిన స్థలంలో, పేవర్లే తెలివైన ఎంపిక. కుంగినచోట బ్లాకులు తీసి, బేస్ (పైపొర కింద తొక్కించిన కంకర పొర) సరిచేసి, అవే బ్లాకులు తిరిగి పరవచ్చు.

నల్లరేగడి అయితే ఇంకో సంగతి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పైన 200 మిల్లీమీటర్ల కాంక్రీటు పోసినా ఆ ఉబ్బును అణచలేదు. 300 నుంచి 600 మిల్లీమీటర్ల మేర ఆ మట్టి తీసి ఉబ్బని మొరం నింపడం ఒక దారి. మట్టి బరువులో 3 నుంచి 6 శాతం సున్నం కలిపి, నీళ్లు చల్లి, రోలర్ తొక్కించడం ఇంకో దారి. స్థలం చిన్నదైతే మొదటిది, విస్తీర్ణం పెద్దదై నింపుడు మట్టి దూరం నుంచి తేవాల్సి వస్తే రెండోది కుదురుతుంది. సున్నం శాతాన్ని మాత్రం ఆ మట్టి నమూనా మీద ల్యాబ్ పరీక్ష చేయించాకే నిర్ణయించాలి.

మట్టినైనా కంకరనైనా 150 నుంచి 200 మిల్లీమీటర్ల పొరలుగానే పరిచి తొక్కించాలి. అర మీటరు ఒకేసారి పోసి పైన రోలర్ ఎన్నిసార్లు తిప్పినా అడుగు వదులుగానే ఉంటుంది. ప్రాక్టర్ పరీక్షలో (మట్టిని ఎంత బిగువుగా తొక్కించవచ్చో చూసే ల్యాబ్ పరీక్ష) వచ్చిన గరిష్ఠ పొడి సాంద్రతలో కనీసం 95 శాతం ప్రతి పొరకూ రావాలి. చివర్లో నిండు లోడు టిప్పర్‌ను నడక వేగంతో బేస్ అంతా తిప్పి చూడండి. చక్రం కింద మట్టి కదిలిన చోట, జాడ పడిన చోట తవ్వి బాగు చేయాల్సిందే. ల్యాబ్ కాగితం కంటే ఈ టిప్పర్ పరీక్ష ఎక్కువ చెబుతుంది. పైప్‌లైన్ల కోసం తవ్వి పూడ్చిన కాలువలు ముందుగా ఇక్కడే బయటపడతాయి.

తారు ఎక్కడ సరిపోతుంది

విశాలమైన కార్ల పార్కింగు, లోపలి దారులు దీనికి సరైన చోట్లు. 200 మిల్లీమీటర్ల కంకర బేస్ మీద 50 మిల్లీమీటర్ల కింది తారు పొర, దానిపై 25 నుంచి 40 మిల్లీమీటర్ల పైపొర వేస్తే కార్లకు చాలు. పని వేగంగా సాగుతుంది, పొర చల్లారగానే బండ్లను వదలవచ్చు. వ్యాపారం ఆగకూడని చోట ఇది పెద్ద సుగుణం.

దీని బలహీనతలూ తెలిసినవే. డీజిల్, ఇంజిన్ ఆయిల్ పడితే తారు కరుగుతుంది. ఎండలో మెత్తబడ్డప్పుడు ఒకేచోట నిలబడ్డ బరువు చక్రం గుంట చేస్తుంది. బండి కదలకుండా స్టీరింగ్ తిప్పితే పైపొర చిరుగుతుంది, కొత్తగా వేసిన మొదటి వారాల్లో మరీనూ. అందుకే లోడింగ్ బే, చెత్త డబ్బాల చోటు, సెక్యూరిటీ గేటు ముందు లారీలు ఆగే జాగా, ఇంధనం దింపే చోటు తారుకు పనికిరావు. అక్కడ మందం పెంచినా లాభం లేదు, ఎందుకంటే సమస్య మందంలో కాదు, తారు స్వభావంలో ఉంది.

వేసేటప్పుడు చూడాల్సింది ముఖ్యంగా వేడి. మిశ్రమం సుమారు 140 నుంచి 160 డిగ్రీల సెల్సియస్ మధ్య పరిచి, 90 డిగ్రీల కిందికి పడకముందే రోలింగ్ పూర్తి చేయాలి. దూరం నుంచి టార్పాలిన్ కప్పకుండా తెచ్చిన లోడు పైకి పొగలు కక్కుతున్నా అంచుల్లో గడ్డకట్టి ఉంటుంది. అది పరిచినచోట ఏడాది తిరగకుండానే కంకర రాలడం మొదలవుతుంది. థర్మామీటరు లేని సూపర్‌వైజరును తారు పని మీద పెట్టకండి. పక్కన కర్బ్ (అంచున నిలిపే రాయి లేదా కాంక్రీటు గట్టు) గానీ గట్టి అంచు గానీ లేకపోతే అంచులు విరిగి లోపలికి తినుకుంటూ వస్తాయి.

కాంక్రీటు: పలక కన్నా జాయింటే ముఖ్యం

కార్లకే అయితే మంచి బేస్ మీద 125 మిల్లీమీటర్లు, అప్పుడప్పుడూ లారీ వెళ్లే దారికి 150, లోడింగ్ బేకూ చెత్త బండి ఆగే చోటుకూ 200 మిల్లీమీటర్లు అన్నది మొదటి అంచనాకు పనికొస్తుంది. కాంక్రీటు బలం గ్రేడు కార్ల చోట ఎం30, బరువు చోట ఎం35 లేదా ఎం40. చెత్త డబ్బాల దగ్గర చాలామంది డబ్బాల కింద మాత్రమే పలక పోస్తారు. డబ్బా ఎత్తేటప్పుడు భారమంతా బండి చక్రాల మీద పడుతుంది కాబట్టి పలక ఆ చక్రాల కిందికీ రావాలి.

కాంక్రీటు ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది, పగుళ్లు తప్పవు. ఆ పగులు మనం గీసిన గీతలో రావాలా, దానికి తోచినచోట రావాలా అన్నదే మన చేతిలో ఉన్నది. జాయింట్ల, అంటే పలకలో కోసే ఆ గీతల, మధ్య దూరం పలక మందానికి 24 నుంచి 30 రెట్లు ఉండాలి. 150 మిల్లీమీటర్ల పలకకు 3.6 నుంచి 4.5 మీటర్లన్నమాట. జాయింట్ల మధ్య వచ్చే ప్రతి గడీ వీలైనంత చదరంగా ఉండాలి, పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటితే మధ్యలో అడ్డంగా పగులుతుంది. కోత లోతు మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు. ఇక్కడ పనివాళ్లు చేసే మోసం కంటే చేసే ఆలస్యమే ఎక్కువ హాని చేస్తుంది. మండే ఎండలో పోసిన 4 నుంచి 6 గంటల్లోనే కోయాల్సి రావచ్చు. చల్లగా ఉంటే 12 గంటలో, ఇంకా ఎక్కువో పట్టవచ్చు. బ్లేడు పెడితే అంచున కంకర ఊడిరాకుండా ఉంటే సమయం వచ్చినట్టే. "రేపు పొద్దున వచ్చి కోస్తాం" అన్నారంటే ఎండాకాలంలో పగులు రాత్రికే వచ్చేసి ఉంటుంది, తర్వాత కోసిన కోత అలంకారానికే.

స్తంభాలు, మ్యాన్‌హోళ్లు, భవనం గోడ, నీటి కాలువ అంచు, వీటిని తగిలేచోట పలకను 12 నుంచి 20 మిల్లీమీటర్ల మెత్తని బోర్డుతో పూర్తిగా విడదీయాలి. మ్యాన్‌హోల్‌ను గడి మధ్యలో వదిలేస్తే దాని మూల నుంచి పగులు బయల్దేరుతుంది. జాయింటు గీతను మ్యాన్‌హోల్ గుండా పోయేలా ముందే గీసుకుంటే ఆ తలనొప్పి ఉండదు. జాయింట్ల డ్రాయింగు లేకుండా కాంక్రీటు ఆర్డరు పెట్టకండి.

ఇనుప జాలీ వేయాలా వద్దా అన్న వాదన ప్రతి సైట్‌లోనూ వస్తుంది. జాలీ పగులును ఆపదు, పగిలాక ఆ రెండు ముక్కలను దగ్గరగా పట్టి ఉంచుతుంది. అది కూడా పైనుంచి మూడో వంతు లోతులో ఉంటేనే. జాలీని ఎత్తులో నిలిపే కవర్ బ్లాకులు గానీ ఇనుప చైర్లు గానీ లేకుండా నేల మీద పరిచి, కాంక్రీటు పోస్తూ కొక్కెంతో పైకి లాగుతామంటే నమ్మవద్దు, మనుషులు తొక్కగానే అది మళ్లీ అడుగుకే చేరుతుంది. జాయింట్లు పైన చెప్పిన దూరంలో ఉంటే కార్ల చోట జాలీ అక్కర్లేదనే మా మాట. ఆ ఇనుము డబ్బు బరువు చోట డోవెల్ కడ్డీలకు (జాయింటు దాటి ఒక పలక భారాన్ని పక్క పలకకు అందించే కడ్డీలు) పెట్టండి. 200 మిల్లీమీటర్ల పలకకు 25 మిల్లీమీటర్ల నున్నటి కడ్డీలు, 450 మిల్లీమీటర్ల పొడవు, 300 మిల్లీమీటర్లకొకటి, మందం మధ్యలో, అన్నీ ఒకదానికొకటి సమాంతరంగా, ఒకవైపు సగానికి గ్రీజు పూసి. వంకరగా పెట్టిన డోవెల్ జాయింటును కదలనివ్వదు, పగులు పక్కకు జరుగుతుంది. గరుకు కడ్డీ వాడినా అదే ఫలితం. పాలీప్రొపిలీన్ ఫైబర్, ఘనమీటరుకు 0.9 కిలో దాకా, మొదటి గంటల్లో ఎండకూ గాలికీ వచ్చే సన్న పగుళ్లను తగ్గిస్తుంది. దాన్ని ఇనుముకు బదులుగా అమ్మజూపితే ఒప్పుకోకండి.

ట్రక్కు దగ్గర నీళ్లు కలపడం అన్నిటికన్నా మామూలుగా జరిగే నష్టం. ఘనమీటరుకు 350 కిలోల సిమెంటుతో, 0.45 నీరు-సిమెంటు నిష్పత్తితో వచ్చిన 6 ఘనమీటర్ల లోడులో 100 లీటర్లు అదనంగా పోస్తే నిష్పత్తి దాదాపు 0.50కి చేరుతుంది. బలం తగ్గుతుంది, ఎండేటప్పుడు కుంచించుకుపోవడం పెరుగుతుంది, పైపొర దుమ్ము రాలుతుంది. కాంక్రీటు జారుడు చాలకపోతే ప్లాంటు వాళ్లు ఇచ్చే ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా జారుడు పెంచే మందు) కలిపించాలి. పైన నీరు తేలినప్పుడు పొడి సిమెంటు చల్లి నునుపు చేయడం కూడా అదే కోవలోది, ఆ పొర తర్వాత పెచ్చులుగా లేస్తుంది. తేలిన నీరు ఆవిరయ్యాకే ఫినిషింగ్, ఆ తర్వాత చీపురు గీతలు. వెంటనే క్యూరింగ్ కాంపౌండ్ (తడి ఆరకుండా పైన కొట్టే ద్రవం) కొట్టడమో, గట్టిపడ్డాక తడి గోనెలు కప్పి కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడటమో చేయాలి. కార్లను 7 రోజులకు వదలవచ్చు. బరువు బండ్లకు 28 రోజులు ఆగడం మేలు, లేదా అదే కాంక్రీటుతో పోసి సైట్‌లోనే ఉంచిన పరీక్ష క్యూబులు కోరిన బలంలో నాలుగింట మూడు వంతులు చూపించాక వదలాలి. వ్యాపారం అన్ని రోజులు ఆగలేకపోతే సగం సగంగా పోయాలి తప్ప గడువు కుదించకూడదు.

పేవర్ బ్లాకులు

కింద కేబుళ్లూ పైపులూ ఎక్కువగా ఉన్నచోట, ప్రవేశద్వారం ముందు, నడకదారుల్లో వీటికి సాటి లేదు. కార్లకు 60 మిల్లీమీటర్లు, లారీలు వచ్చే దారికి 80, అంతకు మించిన బరువుకు 100. బండ్లు తిరిగేచోట హెరింగ్‌బోన్ అల్లిక (బ్లాకులు ఒకదానికొకటి అడ్డంగా, వంకీల్లా పేర్చడం) తప్పనిసరి. ఇటుక వరసలా పేర్చితే బ్రేకు పడ్డ ప్రతిసారీ వరస మొత్తం ముందుకు జరుగుతుంది.

బ్లాకులు చెడిపోయాయంటే కారణం సాధారణంగా బ్లాకుల్లో ఉండదు. బేస్ లెవల్ సరిగా రాని చోట తేడాను ఇసుకతో పూడుస్తారు. ఒకచోట 30, ఇంకోచోట 80 మిల్లీమీటర్ల ఇసుక. లోతున్న చోటే ఆరు నెలల్లో గుంట. ఇసుక పొర అంతటా ఒకేలా 25 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్యే ఉండాలి, లెవల్ అంతా బేస్‌లోనే తేలాలి. ఇసుకకు బదులు క్రషర్ డస్ట్ పరిచే అలవాటు కూడా మంచిది కాదు. అందులోని మెత్తని పొడి నీటిని పట్టి ఉంచి, చక్రం పడ్డప్పుడల్లా బురదై జాయింట్ల గుండా పైకి వస్తుంది. అంచు కర్బ్ ముందు కట్టాకే బ్లాకులు పరవాలి. జాయింట్లు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. ప్లేట్ వైబ్రేటర్ ఒకసారి ఇసుక నింపకముందు, మళ్లీ నింపాక. రెండు మూడు నెలలకు జాయింట్లలో ఇసుక దిగుతుంది, అప్పుడు ఇంకోసారి నింపే పనిని ఒప్పందంలోనే రాయించుకోండి. మూలల్లో వేసే కోత ముక్కలు మూడో వంతు బ్లాకు కన్నా చిన్నవైతే చక్రం దారిలో నిలవవు.

లారీలు వెనక్కి తిరిగే బేలో మాత్రం, ఎంత మందమైనా, పేవర్లకు మా ఓటు కాంక్రీటు తర్వాతే.

నీరు ఇంకే పేవర్ల గురించి ఒక్క మాట. కింద 300 మిల్లీమీటర్ల మందం దాకా, రాళ్ల మధ్య ఖాళీలున్న కంకర, ఇంకించుకునే మట్టి, జాయింట్లను క్రమంగా శుభ్రం చేసే మనిషి, ఈ మూడూ ఉంటేనే పనిచేస్తాయి. ఉబ్బే మట్టి మీదా, పునాదుల పక్కనా వద్దు.

నీటి దారి

వాలు కాంక్రీటుకు కనీసం 1 శాతం, తారుకు 1.5, పేవర్లకు 2. వీల్‌చైర్ వాడేవారి పార్కింగు గడిలో ఏ దిశలోనూ 2 శాతం మించకూడదు, కాబట్టి అక్కడ కాంక్రీటు లెవల్ పట్టడం తేలిక. వాలు ఎప్పుడూ భవనం నుంచి బయటికే.

పైపు సైజును కంటితో ఊహించకండి, లెక్క చిన్నదే. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన అంటే 1 లీటరు. 2000 చదరపు మీటర్ల ఆవరణ మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకు దాదాపు 28 లీటర్లు. 1 శాతం వాలులో నిండుగా పారే 150 మిల్లీమీటర్ల పైపు సెకనుకు 15 లీటర్లే మోస్తుంది, 200 పైపు సుమారు 33, 250 పైపు 59. గంటకు 75 మిల్లీమీటర్ల జల్లు వస్తే 200 పైపు కూడా చాలదు. పూడిక సంగతి కలుపుకుంటే ఇలాంటి ఆవరణకు 250 పెట్టడమే నయం.

పైన కాలువ ఏ రకం? చక్రాలు దాటని అంచుల్లో లోతు తక్కువైన తెరిచిన కాలువ చాలు, శుభ్రం చేయడం సులువు, పాడయ్యేదేమీ లేదు. దారికి అడ్డంగా వచ్చేచోట గ్రేటింగ్ (పైన ఇనుప జాలీ మూత) ఉన్న చానల్ కావాలి. గ్రేటింగ్ తరగతిని అడిగి తీసుకోండి: బి125 అంటే 125 కిలోన్యూటన్ల పరీక్ష భారం, కార్ల చోటుకు సరి. లారీలు దాటేచోట డి400. గ్రేటింగ్ సరైనదే అయినా ఫ్రేము ఊగిపోతుంటే కారణం పక్క కాంక్రీటు. చానల్ రెండు వైపులా, అడుగునా కనీసం 150 మిల్లీమీటర్ల కాంక్రీటు పట్టు లేకుండా మోర్టారుతో కూర్చోబెడితే లారీ చక్రం వారాల్లోనే కదిలిస్తుంది.

కర్బ్, గోడ

కర్బ్ విషయంలో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. నేరు పొడవులకు ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చినది), వంపులకు అక్కడే పోసినది. వెనక కాంక్రీటు ఆనిక లేని ప్రీకాస్ట్ కర్బ్ మొదటి బంపర్ దెబ్బకే వాలిపోతుంది.

ఎత్తు తేడా ఉన్న స్థలంలో నిలుపుడు గోడ 1 మీటరు లోపైతే రాతి లేదా కాంక్రీటు బరువు గోడ సరిపోతుంది. అది దాటితే ఆర్‌సీసీ గోడా, జియోగ్రిడ్‌తో (మట్టి పొరల మధ్య పరిచే గట్టి ప్లాస్టిక్ వల) పేర్చే బ్లాకు గోడా అన్నది వెనక ఉన్న స్థలాన్ని బట్టి తేలుతుంది. జియోగ్రిడ్, గోడ ఎత్తులో కనీసం 60 నుంచి 70 శాతం పొడవున వెనక్కి పోతుంది. ఆ మేర తర్వాత ఎవరూ కాలువ తవ్వకూడదు. అక్కడ పైపులు రానున్నాయని తెలిస్తే ఆర్‌సీసీయే. డిజైను స్ట్రక్చరల్ ఇంజనీరుదే కావాలి. ఏది కట్టినా వెనక కంకర పొర, నీరు బయటికి వచ్చే రంధ్రాలు లేకపోతే వానలకు మట్టిలో చేరిన నీరే గోడను తోస్తుంది.

పాతదాని మీదే వేయాలా, తీసేయాలా

తారు మీద మొసలి చర్మంలా చిన్న ముక్కల పగుళ్లుంటే బేస్ పోయినట్టు. దానిపై కొత్త పొర వేస్తే అవే పగుళ్లు తిరిగి తేలతాయి. ఆ మేర చదరంగా కోసి బేస్ దాకా తీసి వేయాలి. పెద్ద గడులుగా, లెవల్ మారకుండా ఉన్న పగుళ్లయితే అది వయసు. పగుళ్లు నింపి, పైన కొంత చెక్కి, 40 నుంచి 50 మిల్లీమీటర్ల పొర వేయవచ్చు. చెక్కకుండా పొర మీద పొర వేసుకుంటూ పోతే 150 మిల్లీమీటర్ల కర్బ్ 60కి వస్తుంది, నీరు మెట్ల మీదికి ఎక్కుతుంది.

కాంక్రీటులో వెంట్రుక పగులు ఉండి రెండు వైపులా లెవల్ ఒకటే ఉంటే సీలెంట్ చాలు. బండి వెళ్లినప్పుడు పలక ఊగి, జాయింటులోంచి బురద నీరు చిమ్ముతుంటే కింద ఖాళీ పడింది. పలక ముక్కలు కాకపోతే గ్రౌట్ (పల్చని సిమెంటు మిశ్రమం) కిందికి ఎక్కించి నిలపవచ్చు, మూడు నాలుగు ముక్కలైతే ఆ గడి మొత్తం తీసి పోయడమే చవక.

కొటేషన్లు పక్కపక్కన పెట్టేటప్పుడు

తక్కువ ధర సాధారణంగా రాయని అంశాల్లో దాక్కుంటుంది. మందం రోలింగ్ అయ్యాక ఎంత, బేస్ ఎన్ని పొరలు, సాంద్రత పరీక్షలు ఎవరి ఖర్చు, జాయింట్ల కోత, సీలెంట్, క్యూరింగ్, తవ్విన మట్టి తరలింపు ఉన్నాయా లేవా అని ఒక్కొక్కటిగా అడగండి. కాంక్రీటును ఘనమీటర్లలో కాక చదరపు మీటర్లలో, మందం పేర్కొని కొనడం మేలు. 1000 చదరపు మీటర్లకు 150 మిల్లీమీటర్లంటే 150 ఘనమీటర్లు, 6 ఘనమీటర్ల ట్రక్కులు 25. బేస్ సగటున 15 మిల్లీమీటర్లు పల్లంగా ఉంటే మరో 15 ఘనమీటర్లు ఇట్టే పోతాయి. కాబట్టి పోయడానికి ముందు రోజు 3 మీటర్లకొక లెవల్ తీయించి, ఆ కాగితం మీద ఇద్దరూ సంతకం చేయండి.

పోయకముందే దారుల కింద అడ్డంగా 100 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాలు రెండు మూడు చోట్ల అదనంగా వేయించి, చివరలు మూసి, కర్బ్ మీద గుర్తు పెట్టి, డ్రాయింగులో కొలతలతో రాయించండి. కెమెరాలకో, చార్జింగ్ పాయింట్లకో కేబులు కావాల్సి వచ్చిన రోజు కొత్త పలకను కోయాల్సిన పని ఉండదు.